చింతలనార్ నుంచి కాలేజీకి ఎంత దూరం?

దరఖాస్తు ఫారంలోని ఒక్కొక్క మాటా ఒక్కొక్క తలుపు. ఇంట్లో అంతకుముందు ఎవరూ కాలేజీ ముఖం చూడని పిల్లలకు ఆ తలుపులు తెరిచే విధానం చెప్పేదెవరు?

భద్రాచలం ప్రాంతంలో ఇంటర్మీడియెట్ పూర్తిచేసిన ఒక గిరిజన బాలికను ఊహించుకోండి. ఆమె తల్లిదండ్రులు బస్తరు అడవులలోని చింతలనార్ పరిసర గ్రామం నుంచి, అలజడుల కాలంలో, గోదావరి తీరానికి తరలివచ్చినవారు. ఇప్పుడామె చేతిలో కాలేజీ దరఖాస్తు ఫారం ఉన్నది. పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ చకచకా నింపింది. తరువాతి గడి దగ్గర కలం ఆగిపోయింది. లోకలా, నాన్-లోకలా? దాని క్రింద మరొక గడి: కేటగిరీ ఏమిటి? ఆ క్రింద ఇంకొకటి: మేజర్ సబ్జెక్టు ఏది? అన్నిటికంటె అడుగున: జతపరచిన ధ్రువపత్రాల వివరాలు.

పరీక్షలో ఆమె సంపాదించిన మార్కులు ఈ గడులలో ఒక్కదానికీ జవాబు చెప్పవు. తండ్రిని అడుగుదామంటే ఆయన బడి గుమ్మం తొక్కలేదు. చదువుకున్న ఇళ్ళలో ఈ మాటల అర్థం అన్నో, అక్కో, పక్కింటి మాస్టారో మాటల మధ్యలో చెప్పేస్తారు. అది విద్య అని కూడా ఎవరూ అనుకోరు. ఆ ఇళ్ళకు వెలుపల పెరిగిన పిల్లలకు అదే మొదటి ప్రవేశ పరీక్ష. దానికి పాఠ్యపుస్తకం లేదు.

దారి చీలిన చోటు

‘నార్’ అంటే గోండీ భాషలో ఊరు. ‘చింతల’ అన్నది తెలుగువారి చెవికి చింతచెట్లను స్ఫురింపజేస్తుంది. ఒకప్పుడు బస్తరు సంస్థానంలోని జమీందారీలలో చింతలనార్ ఒకటి. నేడది ఛత్తీస్‌గఢ్ రాష్ట్రంలో, 2012లో ఏర్పడిన సుక్మా జిల్లాలో ఉన్నది. దేశంలో చాలామంది ఆ పేరు మొదటిసారి విన్నది 2010 ఏప్రిల్ 6న, ఆ సమీపంలో మావోయిస్టుల దాడిలో 76 మంది భద్రతా సిబ్బంది మరణించిన రోజున. మరుసటి సంవత్సరం మార్చిలో ఆ పరిసరాలలోని మోర్పల్లి, తిమ్మాపురం, తాడ్‌మెట్ల గ్రామాలలో గుడిసెలు తగులబడ్డాయి. ఇల్లు కాలినప్పుడు ఇంట్లోని ధాన్యంతోపాటు కాగితాలు కూడా కాలిపోతాయి. ఆ నష్టం విలువ పదేళ్ళ తరువాత, పిల్లవాడు కాలేజీ గుమ్మం ముందు నిలబడినప్పుడు గాని తెలియదు.

2005 తరువాత ఆ ప్రాంతంలో ఎన్నో బడులు మూతపడ్డాయి. రోడ్డు వెంట వెదురుతోను, రేకులతోను కట్టిన ‘పోటా కేబిన్’ ఆశ్రమ పాఠశాలలు వాటి స్థానంలో వెలిశాయి. చింతలనార్ దారి చివర ఉన్న జగర్‌గుండలో బడులు తిరిగి తెరవడానికి 13 ఏళ్ళు పట్టింది. అవి 2019లో తెరుచుకున్నాయి. 2011 జనాభా లెక్కలలో సుక్మా కలిసి ఉన్న అప్పటి దంతెవాడ జిల్లా అక్షరాస్యత 42 శాతం. దేశపు సగటు దాదాపు 73 శాతం.

చింతలనార్ నుంచి వచ్చే దారి దోర్నపాల్ వద్ద జాతీయ రహదారిని కలుస్తుంది. అక్కడ ఉత్తరానికి తిరిగితే సుక్మా, ఆపైన జగదల్‌పూర్. దక్షిణానికి తిరిగితే కుంట, ఆ తరువాత భద్రాచలం. ఉత్తరపు దారిలో చదువు హిందీలో. దక్షిణపు దారిలో తెలుగులో. ఇంట్లో మాట్లాడే కోయ మాట ఏ దారిలోనూ కాలేజీ దాకా రాదు.

అలజడుల కాలంలో వేలాది కుటుంబాలు దక్షిణపు దారి పట్టి నాటి ఖమ్మం, వరంగల్, గోదావరి జిల్లాల అడవులకు చేరాయి. తెలుగు పత్రికలు వారిని ‘గొత్తికోయలు’ అని వ్రాస్తాయి. ఫారం ముందు కూర్చున్న బాలిక అట్టి కుటుంబానికి చెందినది. ఆమె పెదనాన్న కుటుంబం ఊరు విడువలేదనుకుందాం. ఆయన కుమార్తె సుక్మాలో హిందీ మాధ్యమంలో పన్నెండో తరగతి పూర్తిచేసింది. ఒకే ఇంటిపేరు, ఒకే కులదైవం, ఒకే భాష కలిగిన ఈ ఇద్దరు అక్కచెల్లెళ్ళకు కాలేజీ ఫారం రెండు భిన్నమైన ప్రపంచాలుగా కనిపిస్తుంది.

మాటల మూట విప్పితే

మొదట ఇద్దరికీ ఉమ్మడిగా ఎదురయ్యే మాటలు చూడవచ్చును. అక్క చదివిన పన్నెండో తరగతి, చెల్లెలు చదివిన ఇంటర్మీడియెట్ ఒకే మెట్టు. అయితే చెల్లెలు ఇన్నాళ్ళూ చదివినది ‘జూనియర్ కాలేజీ’ కనుక, ఇంట్లోవారు కాలేజీ చదువు అయిపోయిందనుకునే ప్రమాదం ఉన్నది. డిగ్రీ ఆ పైమెట్టు.

డిగ్రీ అంటే ఒకప్పుడు మూడేళ్ళ చదువు. మధ్యలో మానితే చేతికి వచ్చేది శూన్యం. 2020 జాతీయ విద్యావిధానం దీన్ని మార్చింది. ఆ పద్ధతి అమలు చేసే విశ్వవిద్యాలయాలలో తగిన షరతులు పూర్తిచేస్తే ఒక సంవత్సరానికి సర్టిఫికెట్, రెండు సంవత్సరాలకు డిప్లొమా, మూడింటికి డిగ్రీ, నాలుగింటికి ఆనర్స్ డిగ్రీ లభిస్తాయి. మానిన విద్యార్థి మూడేళ్ళలోగా తిరిగి చేరవచ్చును. మొత్తం చదువు ఏడేళ్ళలో ముగించాలి. పొలం పనికో, తల్లి అనారోగ్యానికో చదువు ఆపవలసివచ్చే ఇంటి ఆడపిల్లకు ఈ ఒక్క నిబంధన తెలియడం ఎంతో విలువైన సంగతి.

‘సెమిస్టర్’ అంటే అర్ధ సంవత్సరపు చదువు. ‘క్రెడిట్’ అంటే అప్పు కాదు, చదివిన గంటల కొలమానం. సెమిస్టరులో సుమారు 15 గంటల పాఠం ఒక క్రెడిట్. మూడేళ్ళ డిగ్రీకి కనీసం 120, నాలుగేళ్ళ డిగ్రీకి 160 క్రెడిట్లు కావాలి. ‘మేజర్’ అంటే ప్రధానంగా చదివే విషయం. ‘మైనర్’ దానికి తోడుగా చదివేది. మేజర్ ఎన్నుకోవడమంటే పేరు బాగున్నదని ఎన్నుకోవడం కాదు. రేపు ఏ ఉద్యోగానికి, ఏ పై చదువుకు ఆ విషయం అర్హత ఇస్తుందో ముందు కనుక్కోవాలి.

మరొక మాట మోసకారి: ‘ప్రైవేటు’. తెలుగునాట ప్రైవేటు అంటే ప్రభుత్వానిది కాని కాలేజీ. అక్క ఉండే ఛత్తీస్‌గఢ్‌లో ‘ప్రైవేటు విద్యార్థి’ అంటే తరగతులకు హాజరు కాకుండా ఇంటి దగ్గర చదివి పరీక్షలు వ్రాసేవాడు; హిందీలో ‘స్వాధ్యాయి’ అంటారు. రోజూ వెళ్ళేవాడు ‘రెగ్యులర్’. ఒక్క టిక్కు పొరపాటున పడితే హాస్టలు, ఉపకార వేతనం, ఉపాధ్యాయుని ముఖం, అన్నీ చేజారవచ్చును.

‘కౌన్సెలింగ్’ అనగానే ఎవరో కూర్చోబెట్టి సలహా చెబుతారని పిల్లలు ఆశిస్తారు. ప్రవేశాల విషయంలో ఆ మాటకు అర్థం సీట్ల పంపకం. విద్యార్థి తనకు కావలసిన కాలేజీలను, కోర్సులను వరుస క్రమంలో వ్రాస్తాడు; మార్కులు లేదా ర్యాంకు, కేటగిరీ చూసి కంప్యూటరు సీటు కేటాయిస్తుంది. ఆ వరుసయే ‘ఆప్షన్లు’. దగ్గర కాలేజీ అన్న ఒకే కారణంతో ఇష్టం లేనిదాన్ని మొదట వ్రాస్తే అదే దక్కుతుంది. సీటు వచ్చిన తరువాత గడువులోగా రుసుము కట్టి అంగీకారం తెలపకపోతే అది మరొకరికి పోతుంది. తెలంగాణలో సాధారణ డిగ్రీ కాలేజీల ప్రవేశాలు 2016 నుంచి ‘దోస్త్’ అనే ఆన్‌లైన్ విధానంలో సాగుతున్నాయి. సుక్మా ప్రాంతపు కాలేజీలు జగదల్‌పూర్‌లో 2008లో బస్తరు విశ్వవిద్యాలయంగా ఏర్పడి, తరువాత షహీద్ మహేంద్ర కర్మ పేరు పొందిన విశ్వవిద్యాలయం పరిధిలోనివి.

వైద్యానికి నీట్, ఇంజనీరింగుకు జె.ఇ.ఇ., అనేక కేంద్రీయ విశ్వవిద్యాలయాల డిగ్రీకి 2022 నుంచి సి.యు.ఇ.టి. అనే జాతీయ పరీక్షలున్నవి. ఈ మూడింటికీ ఇంటర్ ఫలితాలు రాకముందే దరఖాస్తు చేయాలి. ఫలితాలు చూసుకుని తీరిగ్గా వెళ్దామనుకున్నవారికి ఆ సంవత్సరం ద్వారం మూసుకుపోతుంది. ఈ పరీక్షలు 13 భాషలలో జరుగుతాయి. వాటిలో తెలుగు ఉన్నది, హిందీ ఉన్నది, గోండీ లేదు.

ఒకే తెగ, రెండు కేటగిరీలు

ఇక కలం ఆగిపోయిన గడి దగ్గరకు రావాలి. చెల్లెలు ఏ కేటగిరీ?

ఆమె బెంచీలో ఆమె ప్రక్కనే కూర్చున్న స్థానిక కోయ బాలిక జంకు లేకుండా ‘ఎస్.టి.’ అని వ్రాస్తుంది. తెలంగాణ షెడ్యూల్డు తెగల జాబితాలో కోయలున్నారు. ఛత్తీస్‌గఢ్ జాబితాలో గోండు అనే శీర్షిక క్రింద కోయ, దోర్ల, మురియా మొదలైన పేర్లున్నవి. ఇద్దరు బాలికలూ ఒకరి మాట ఒకరికి అర్థమయ్యే భాష మాట్లాడుకుంటారు. అయినా తెలంగాణ రాష్ట్ర కోటాలో చెల్లెలు ఎస్.టి. కాదు.

దీనికి మూలం రాజ్యాంగంలోని 342వ అధికరణంలో ఉన్నది. ఏ తెగ షెడ్యూల్డు తెగ అనేది ‘ఆ రాష్ట్రానికి సంబంధించినంతవరకు’ నిర్ణయిస్తారు. దీనికి తుదిరూపం ఇచ్చిన తీర్పు ఒక తెలుగు విద్యార్థి కాలేజీ సీటు విషయంలోనే వెలువడడం విశేషం. తెనాలిలో జన్మించి, చిన్ననాడే తండ్రి ఉద్యోగరీత్యా బొంబాయి చేరిన ఒక విద్యార్థి అక్కడి సేఠ్ జి.ఎస్. వైద్య కళాశాలలో ఎస్.టి. కోటా క్రింద సీటు కోరాడు. ఆంధ్రప్రదేశ్‌లో ఆయన కులానికి ఆ గుర్తింపు ఉన్నది, మహారాష్ట్రలో లేదు. మర్రి చంద్రశేఖరరావు కేసుగా పేరొందిన ఆ వ్యాజ్యంలో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 1990 మే 2న తీర్పు చెప్పింది: ఒక రాష్ట్రంలో పొందిన షెడ్యూల్డు తెగ హోదా మరొక రాష్ట్రానికి వలస వెళ్ళినవారి వెంట ప్రయాణం చేయదు. ఒకచోట వెనుకబడిన తెగ మరొకచోట అదే స్థితిలో ఉండకపోవచ్చునని, అక్కడి తెగలకు కేటాయించిన అవకాశాలు బయటివారికి పోరాదని దాని సారాంశం.

ఈ వాదనను తేలికగా కొట్టిపారవేయడానికి వీలులేదు. తెలంగాణలో ఎస్.టి.లకు కేటాయించినవి 2022 నుంచి 10 శాతం సీట్లు. అంతకుముందు 6 శాతమే. ఆ కొద్ది సీట్ల కోసం స్థానిక గిరిజన బిడ్డలే పోటీ పడుతున్నారు. కాని బొంబాయికి బదిలీపై వెళ్ళిన ఉద్యోగి కుటుంబం వేరు, ప్రాణాలరచేత పట్టుకుని సరిహద్దు దాటిన కుటుంబం వేరు. నియమం మాత్రం ఇద్దరికీ ఒక్కటే. తెలంగాణ గడ్డపై పుట్టినా సరే చెల్లెలి మూలరాష్ట్రం మారదు. 1950లో రాష్ట్రపతి ఉత్తర్వు వెలువడిన నాటికి ఆమె పూర్వికుల శాశ్వత నివాసం ఎక్కడ అన్నదే ప్రమాణం.

విచిత్రమేమంటే, ‘లోకల్’ గడిలో ఫలితం దీనికి విరుద్ధంగా రావచ్చును. 371-డి అధికరణాన్ని అనుసరించి 1974లో వెలువడిన రాష్ట్రపతి ఉత్తర్వు విద్యాసంస్థలలో 85 శాతం సీట్లను స్థానికులకు కేటాయించింది. స్థానికతకు అది పెట్టిన ప్రధాన కొలత పుట్టుక కాదు, చదువు: అర్హత పరీక్షతో ముగిసే వరుస నాలుగు సంవత్సరాలు ఆ ప్రాంతంలో చదివి ఉండాలి. తరువాతి కాలంలో ఈ నియమాలకు మార్పులు వచ్చినవి కనుక ఆ యేటి నోటిఫికేషను తప్పక చదవాలి. మొత్తంమీద భద్రాచలంలో చదివిన చెల్లెలు అక్కడ స్థానికురాలు కాగలదు, గిరిజనురాలు కాలేదు. చింతలనార్ తిరిగివెళితే గిరిజనురాలవుతుంది. హిందీ రాని విద్యార్థిని అవుతుంది.

మూసుకుపోని తలుపులు

ఈ చిక్కు చూసి నిరాశపడి ఫారం చింపివేసే పిల్లలకు తెలియవలసిన సంగతులు కొన్ని ఉన్నవి.

మొదటిది, మూలరాష్ట్రపు ఎస్.టి. ధ్రువపత్రం కేంద్ర ప్రభుత్వ విద్యాసంస్థలలో దేశమంతటా చెల్లుతుంది. ఐ.ఐ.టి.లు, ఎయిమ్స్, కేంద్రీయ విశ్వవిద్యాలయాలు కేంద్ర జాబితాను అనుసరించి 7.5 శాతం సీట్లు ఎస్.టి.లకు కేటాయిస్తాయి. అక్కడ అభ్యర్థి ఏ రాష్ట్రంలో నివసిస్తున్నదన్నది అడ్డు కాదు. గొత్తికోయ గూడేలున్న ములుగు జిల్లాలోనే సమ్మక్క సారక్క కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయం వచ్చింది. 2023 డిసెంబరులో పార్లమెంటు దాని బిల్లును ఆమోదించింది. విజయనగరంలో 2019 నుంచి, అమర్‌కంటక్‌లో 2008 నుంచి అటువంటి విశ్వవిద్యాలయాలు నడుస్తున్నాయి.

రెండవది, వలస వెళ్ళినవారికి ధ్రువపత్రం ఇచ్చే మార్గం 1985 ఫిబ్రవరి 22 నాటి కేంద్ర ప్రభుత్వ ఉత్తర్వులో ఉన్నది. మూలరాష్ట్ర అధికారి తండ్రికి లేదా తల్లికి ఇచ్చిన పత్రం చూపితే, ప్రస్తుతం నివసించే రాష్ట్రపు అధికారి బిడ్డకు పత్రం ఇవ్వవచ్చును. దాని ప్రయోజనం మూలరాష్ట్రంలోను, కేంద్ర సంస్థలలోను పొందవచ్చును. తండ్రి వద్దనే పత్రం లేకపోతే మాత్రం ప్రయాణం చింతలనార్ నుంచే మొదలుపెట్టాలి. ఛత్తీస్‌గఢ్‌లో 1950 నాటి భూమి రికార్డులు లేని కుటుంబాల విషయంలో గ్రామసభ తీర్మానాన్ని ఆధారంగా స్వీకరించే ఏర్పాటు ఉన్నది. ఊళ్ళో మిగిలిన పెదనాన్న మాట, ఊరి పెద్దల సంతకాలు కాలిపోయిన కాగితాలకు బదులు నిలువగలవు.

మూడవది, కేంద్ర పథకం క్రింద ఇచ్చే పోస్ట్ మెట్రిక్ ఉపకార వేతనం పదో తరగతి తరువాతి చదువులకు వర్తిస్తుంది. కుటుంబ వార్షికాదాయం రెండున్నర లక్షల రూపాయలకు మించరాదు. విద్యార్థి ఎక్కడ చదివినా, ఏ రాష్ట్రానికి చెందినవాడో ఆ రాష్ట్రమే దాన్ని చెల్లిస్తుంది. కనుక తెలంగాణ కార్యాలయంలో ‘రాదు’ అన్న జవాబు విన్నంతమాత్రాన అర్హత నశించినట్లు కాదు. అడగవలసిన చోటు వేరు.

ముందే కట్టవలసిన మూట

ఈ పనులలో ఏదీ ఫలితాలు వచ్చిన వారంలో పూర్తయ్యేది కాదు. తొమ్మిదో తరగతిలోనే పేరు సరిచూసుకోవాలి. హిందీ రికార్డులో ‘మడ్కామి’ అయినవారు తెలుగు రికార్డులో ‘మడకం’ కావచ్చును. ఆధార్ కార్డులో మూడవ రూపం ఉండవచ్చును. పదో తరగతి మార్కుల పత్రంపై ఏది అచ్చయితే జీవితాంతం అదే పేరు. తరువాత రెండేళ్ళలో కుల ధ్రువపత్రం, నివాస ధ్రువపత్రం సంపాదించాలి. ఆదాయ ధ్రువపత్రానికి కాలపరిమితి ఉంటుంది కనుక దాన్ని ప్రవేశాల సమయానికి క్రొత్తగా తీసుకోవాలి. నాలుగేళ్ళ స్టడీ సర్టిఫికెట్లు ఏ బడికి ఆ బడిలో అడిగి దాచుకోవాలి.

బడి విడిచేటప్పుడు ఇచ్చే టి.సి. అసలు ప్రతి ఒక్కటే ఉంటుంది. నకళ్ళు తీయించకుండా ఎవరి చేతికీ ఇవ్వకూడదు. ఒక బోర్డు పరిధి నుంచి మరొక రాష్ట్రపు విశ్వవిద్యాలయానికి వెళ్ళేవారికి ‘మైగ్రేషన్ సర్టిఫికెట్’ కావాలి. ఆ పేరు చూసి వలస కుటుంబాల పిల్లలు బెదరుతారు. అది వారి వలస గురించి అడిగేది కాదు. ఈ విద్యార్థి వేరొక చోట చేరడానికి తమకు అభ్యంతరం లేదని పాత బోర్డు ఇచ్చే మాట మాత్రమే.

ఇవన్నీ చెప్పడానికి పెద్ద చదువులు అక్కర లేదు. ఊళ్ళో మొట్టమొదట కాలేజీకి వెళ్ళిన ఒక్క పిల్ల, సెలవులకు వచ్చినప్పుడు తరువాతి పిల్లలను కూర్చోబెట్టి ఒక పాత ఫారం విప్పి చూపితే చాలును. ఆశ్రమ పాఠశాలలో ఉపాధ్యాయుడు వారానికి ఒక గంట ఈ మాటలకు కేటాయిస్తే చాలును.

జగదల్‌పూర్‌లోని ప్రభుత్వ స్నాతకోత్తర కళాశాల పేరు కాకతీయ కళాశాల. ఓరుగల్లు పతనమైన తరువాత కాకతీయుల వంశంవాడైన అన్నమదేవుడు బస్తరుకు వెళ్ళి రాజ్యం నెలకొల్పాడని అక్కడి రాజవంశం చెప్పుకుంటుంది. తెలుగునేల నుంచి అడవికి వెళ్ళిన ఒక కుటుంబం తన పేరును అక్కడి కాలేజీ గుమ్మంమీద నిలిపింది. ఏడు శతాబ్దాల తరువాత అదే అడవి నుంచి తెలుగునేలకు వచ్చిన బిడ్డ ఒక చిన్న గడిలో తన తెగ పేరు వ్రాయడానికి జంకుతున్నది.

ఆమె జంకు తీరాలంటే చట్టం మారే దాకా ఆగనక్కర లేదు. ఈ ఫారంలో రాష్ట్ర కోటా గడిలో ‘కాదు’ అని వ్రాయవలసివచ్చినా, కేంద్ర సంస్థ ఫారంలో ‘అవును’ అని వ్రాయవచ్చునని, అందుకు కావలసిన కాగితం పెదనాన్న ఊళ్ళో గ్రామసభ నుంచి మొదలవుతుందని ఆమెకు ఎవరో ఒకరు చెప్పాలి. చెప్పవలసిన సమయం ఇంటర్ ఫలితాల రోజు కాదు; ఆమె తొమ్మిదో తరగతిలో ఉన్ననాడు.